వేసి మరచిపోండి

"ఇకమీదట ఈ ప్రభుత్వంలో వినియోగదారుడి మీద ఈగ వాలితే, ఆ ఈగ మీద కేసు పెడతాం. ఆ ఈగను తయారుచేసినవాడి మీద కూడా పెడతాం!" అని వినియోగదారుల రక్షణ మంత్రిగారు ప్రకటించారు. విలేకరుల్లో ఒకాయన ఈగను ఎవరు తయారుచేస్తారని అడగబోయాడు గానీ, టీ చల్లారిపోతోందని ఊరుకున్నాడు.

అదే సమావేశంలో మంత్రిగారు వినియోగదారుల నేరాల ప్రత్యేక ప్రాసిక్యూషన్ విభాగాన్ని స్థాపించారు. తూకంలో మోసం చేసేవాళ్ళు, కల్తీ చేసేవాళ్ళు, నాసిరకం సరుకు అంటగట్టేవాళ్ళు ఇక కోర్టు మెట్లెక్కక తప్పదన్నారు. వాళ్ళను ఎక్కించే బాధ్యతను, సర్వీసు మొత్తంలో ఒక్క కేసు కూడా ఓడిపోని మహానుభావుడికి అప్పగిస్తున్నామని చెప్పి పక్క కుర్చీ వైపు చెయ్యి చూపారు. ఆ కుర్చీలో ఉన్నాయన లేచి, కళ్ళజోడు సర్దుకుని, వినయంగా కూర్చున్నారు.

కోర్టు ఆవరణలో ఆయన్ని అందరూ అజేయంగారంటారు. అది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు, సంపాదించుకున్నది. ఆయన ఒక్క కేసు కూడా ఓడిపోలేదన్నది నూటికి నూరుపాళ్ళు నిజం. ఒక్క కేసులోనూ తీర్పు రాలేదన్నది కూడా అంతే నిజం గానీ, మంచిమనిషి గురించి చెప్పేటప్పుడు అన్నీ ఒకేసారి చెప్పకూడదు. ఆయన చేతిలో పడ్డ కల్తీ నూనె కేసులో నూనె ఆవిరైపోయి సీసా మిగిలింది. తూకం రాళ్ళ కేసులో రాళ్ళు తుప్పు పట్టి నిజంగానే బరువు తగ్గాయి. ముద్దాయిలు కాలం చేశారు, సాక్షులు కాలం చేశారు, ఒకటి రెండు కంపెనీలు కూడా కాలం చేశాయి. కేసులు మాత్రం చిరంజీవులు.

వాయిదా అడగడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. మిగతా లాయర్లు ఒంట్లో బాగాలేదనో, బంధువు పోయాడనో ముతక కారణాలు చెబుతారు. అజేయంగారు అలా కాదు. లేచి నిలబడి, కళ్ళజోడు తీసి, "వినియోగదారుడి మేలు కోరి ఒక్క వాయిదా ఇప్పించండి" అనేవారు. వినియోగదారుడి మేలు వద్దని ఏ జడ్జి అనగలడు?

నియామకం వార్త పత్రికల్లో వచ్చిన ఉదయమే ఆయన ఇంటి ముందు ఆటో ఆగింది. అందులోంచి ముందు ఒక రేకు ట్రంకుపెట్టె దిగింది. వెనకాల అత్తగారు దిగారు.

ఈవిడ గురించి నాలుగు ముక్కలు చెప్పాలి. భర్త పోయాక కుట్టుమిషను పెట్టుకుని కూతుర్ని పెంచి పెద్దచేసిన మనిషి. ఆ కూతురే అజేయంగారి భార్య. వాళ్ళ వీధిలో అందరూ ఆవిడను టైలరమ్మ అంటారు. అల్లుడి ఇంటికి వచ్చినా పూట ఉండి వెళ్ళిపోతారే తప్ప రెండోపూట ఉండరు. "ఊళ్ళోవాళ్ళ గుడ్డలు నా షాపులో ఉంటాయి బాబూ, నాకు నిద్రపట్టదు" అంటారు. అలాంటిది ఈసారి ట్రంకుపెట్టెతో దిగారు. ఆ పెట్టె తాళంచెవికి పాత కొలత టేపు ముక్క ఒకటి, పసుపురంగుది, కట్టి ఉంది. దాన్ని పర్సులో వేసుకుని, సోఫాలో కూర్చుని, మంచినీళ్ళు తాగాక చెప్పారు.

"షాపులో దొంగలు పడ్డారు అల్లుడుగారూ. మిషను పోయింది. జనం ఇచ్చిన గుడ్డలు పోయాయి. చీపురు మిగిలింది."

"అయ్యయ్యో! పోలీసులకు చెప్పారా?"

"చెప్పాను. వచ్చి చూశారు. తాళం పగల్లేదు, చెక్కు చెదరకుండా గొళ్ళేనికి వేలాడుతోంది. తాళం పగల్లేదు కాబట్టి వేయలేదని రాసుకుని పోయారు. నేను తాళం వేశాను బాబూ. వేసి రెండుసార్లు లాగి చూశాను కూడా."

ఆ తాళం 'ఉక్కుపిడి' వారిది. "వేసి మరచిపోండి!" అని గోడగోడకీ ప్రకటనలున్న కంపెనీ. ఆవిడ అనుమానం వచ్చి ఆ తాళంలో తన ట్రంకుపెట్టె చెవి పెట్టి తిప్పారట. చక్కగా తెరుచుకుందట. కంపెనీవాళ్ళ దగ్గరికి వెళితే, "మా ప్రకటనలో రెండు పనులున్నాయమ్మా, వేయడం, మరచిపోవడం. మీరు రెండోది ముందు చేశారు" అన్నారట. ఆ మాట వీధంతా పాకింది. పాపం వయసు మీదపడింది, తాళం వేయడం కూడా మరచిపోతోంది అన్నారు. జాకెట్టు గుడ్డ ఇవ్వడానికి వచ్చినవాళ్ళు కూడా గుమ్మం దాకా వచ్చి, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగిపోయారు.

"అమ్మా, మిషను నేను కొనిపెడతానుగా" అంది కూతురు.

"మిషను నువ్వు కొనిపెడతావే. పోయిన మాట ఎవరు కొనిపెడతారు? నాకు డబ్బూ వద్దు, దస్కమూ వద్దు. ఈవిడ తాళం వేసింది అని నలుగురిలో ఒక్కమాట అనిపించండి అల్లుడుగారూ, చాలు. పేపర్లో మీ ఫోటో చూసే బయల్దేరి వచ్చాను. కేసు తేలేదాకా ఇక్కడే ఉంటాను."

అజేయంగారు ఎన్నో కేసులు చూశారు గానీ, కేసు తేలేదాకా ఇంట్లోనే ఉంటానన్న ఫిర్యాదీని చూడలేదు. అలవాటు కొద్దీ, "ప్రభుత్వం మీ వెంట ఉంది" అన్నారు. ఆవిడ నమ్మేశారు.

ఉక్కుపిడి కేసు ప్రత్యేక విభాగానికి తొలి కేసు అయింది. అజేయంగారి జూనియరు కొత్తగా లా పాసైన అమ్మాయి. ఆ పిల్లకు చట్టం మీద ఇంకా నమ్మకం ఉంది. తనే బజారుకెళ్ళి ఒక డజను ఉక్కుపిడి తాళాలు సాక్షుల ముందు స్వాధీనం చేసుకుంది. ఆఫీసు సొరుగు చెవితో ఒకటి తెరిచింది. స్కూటరు చెవితో ఒకటి తెరిచింది. తలపిన్నుతో ఒకటి తెరిచింది. సొంత తాళంచెవులతో మాత్రం ఒక్కోటీ కాస్త బతిమాలించుకుంది. వాటన్నిటినీ టైలరమ్మ షాపు తాళంతో కలిపి మూటగట్టి, సీలు వేసి, సాక్ష్యాల గదిలో పెట్టింది.

"సార్, ఒక్క వాయిదాలో తేలిపోతుంది!" అంది మెరిసిపోతూ.

"నోట్లోంచి అలాంటి మాటలు రానివ్వకూడదమ్మా," అన్నారు అజేయంగారు మందలింపుగా. "కేసంటే పసిబిడ్డ. మెల్లగా పెంచాలి."

మొదటి విచారణనాడు ఆయన వినియోగదారుడి మేలు కోరి వాయిదా తీసుకున్నారు. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి కిటికీ తెరలు జానెడు పొట్టివై ఉన్నాయి. చేతులు ఊరుకోవు కదా, అత్తగారు సూదీదారం పట్టుకుని కూర్చున్నారు.

"కేసు ఏమైంది బాబూ?"

"ముందుకు వెళ్ళిందండీ."

"ఎక్కడిదాకా?"

"వచ్చే నెలదాకా."

ఆవిడ సూదిలో కొత్త దారం ఎక్కించారు. రెండో వాయిదాకు దిండుగలీబులు మారాయి. మూడో వాయిదా వచ్చేసరికి ఇంట్లో కుట్టాల్సిన గుడ్డ అయిపోయి, ఆవిడ అల్లుడిగారి ప్యాంట్ల మీదికి వచ్చారు. పెళ్ళినాటి కొలతలు ఆవిడకు నోటికి వచ్చు. మనిషన్నవాడు మాట మీదా కొలత మీదా నిలబడాలన్నది ఆవిడ నమ్మకం. అన్నిటినీ ఆ కొలతల దాకా బిగించడం మొదలుపెట్టారు. ఆ తర్వాత వాయిదా వాయిదాకూ అంగుళం చొప్పున ప్యాంటు బిగుసుకుపోతుంటే, అజేయంగారు కోర్టులో లేచి నిలబడగలుగుతున్నారు గానీ కూర్చోలేకపోతున్నారు. ప్రభుత్వ న్యాయవాది రోజంతా నిలబడే ఉంటున్నారని, ఆయన దీక్ష చూసి నేర్చుకోవాలని బార్ అసోసియేషన్ తీర్మానం చేసింది.

"ఏమండీ, అమ్మ చెయ్యి మంచిది కదూ?" అంది భార్య, ఆయన్ని వెనకనుంచి చూసి మురిసిపోతూ.

"ఊపిరి ఆడటం లేదే!"

"అయితే కేసు తేల్చండి."

జీవితంలో మొదటిసారి అజేయంగారికి ఒక కేసు గెలిచి ముగించాలన్న కోరిక పుట్టింది. అది ఎలా ఉంటుందో కూడా ఆయనకు తెలియదు. జూనియర్ని పిలిచి, "వచ్చే విచారణకు సాక్ష్యం పెట్టేద్దాం" అన్నారు. ఆ పిల్ల ఆనందం పట్టలేక సాక్ష్యాల గదికి పరుగెత్తింది. పరుగెత్తినంత వేగంగానూ తిరిగి వచ్చింది.

"సార్! తాళాల మూట పోయింది!"

"గది తాళం పగలగొట్టారా?"

"లేదు సార్. తాళం వేసినట్టే ఉంది, చెక్కు చెదరలేదు. లోపల మూట మాత్రం లేదు." అంతలోనే ఆ పిల్ల మొహం వెలిగిపోయింది. "సార్, మన కేసు రుజువైపోయింది కదా! గదికి వేసింది కూడా ఉక్కుపిడి తాళమే. పగలకుండా తెరుచుకుంది! ఇంతకంటే పెద్ద సాక్ష్యం ఏం కావాలి?"

"ఆ గదికి ఉక్కుపిడి తాళం ఎవరు కొన్నారమ్మా?"

ఆ పిల్ల ఆలోచించింది. ఆలోచించి తల దించుకుంది.

కొన్నది అజేయంగారే. కొనుగోళ్ళ కమిటీకి అధ్యక్షులు ఆయనే. ఉక్కుపిడి కంపెనీ మీద నాసిరకం తాళాల కేసు పెట్టడానికి ఆమోదం ఇచ్చిన సమావేశంలోనే, ఆ తర్వాతి అంశంగా, ఆఫీసు గదులన్నిటికీ తాళాలు కొనడానికి కూడా ఆమోదం ఇచ్చారు. టెండర్లో అందరికంటే చవగ్గా ఇస్తామన్నది ఉక్కుపిడి. చవగ్గా ఇచ్చేవాణ్ణి కాదంటే ఆడిట్ వాళ్ళు పట్టుకుంటారు. కేసు కేసే, టెండరు టెండరే. దొంగ చేతికి తాళాలిచ్చారని లోకం అంటే అననీ, రూలు తప్పారని మాత్రం ఎవరూ అనలేరు.

మంత్రిగారు ఆయన్ని పిలిపించారు.

"ఏమిటి లాయరుగారూ, తాళం కొనుగోలులో ఏదైనా పొరపాటు జరిగిందంటారా? జరిగితే కమిటీ మీద చర్య తీసుకోవాల్సి ఉంటుంది."

"అబ్బే, తాళం దివ్యంగా ఉంది సార్."

"మరి దొంగతనం ఎలా జరిగింది?"

"తాళం దివ్యంగా ఉంది కాబట్టి వేసి ఉంటే జరిగేది కాదు సార్. జరిగింది కాబట్టి వేయలేదు. అటెండరు మరచిపోయాడు."

మంత్రిగారు తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు. ఆ తర్కం ఆయనకు ఎంతో నచ్చింది. అదే ముక్క రాసి సంతకం పెట్టి ఇమ్మన్నారు. 'ఉక్కుపిడి తాళం అత్యుత్తమమైనది. సొంత చెవితో తప్ప మరి దేనితోనూ తెరుచుకోదు' అని అజేయంగారు స్వదస్తూరీతో రాసిచ్చారు.

అటెండర్ని పిలిచి సస్పెన్షన్ సంగతి చెబితే అతను బిక్కమొహం వేశాడు.

"నేను తాళం వేశాను సార్. వేసి రెండుసార్లు లాగి చూశాను కూడా."

ఈ మాట ఎక్కడో విన్నట్టుందే అనుకున్నారు అజేయంగారు. ఎక్కడో గుర్తు రాలేదు. గుర్తు తెచ్చుకోవడానికి కాస్త ముందుకు వంగబోయారు గానీ ప్యాంటు ఒప్పుకోలేదు.

విచారణ రోజు రానే వచ్చింది. టైలరమ్మ ఇస్త్రీచీర కట్టుకుని కోర్టు హాల్లో ముందు బెంచీలో కూర్చున్నారు. ఆవిడ వీధివాళ్ళు కూడా ఇద్దరు ముగ్గురు వచ్చి వెనక కూర్చున్నారు. కంపెనీ లాయరు లేచి, వాదన ఏమీ చేయనన్నాడు. చేయడానికి తనకంటే పెద్దలు ఇక్కడే ఉన్నారన్నాడు. జేబులోంచి ఒక కాగితం తీసి, "ఈ దేశంలో నాసిరకం తాళాల గురించి తెలిసిన ఏకైక నిపుణులు మన ప్రభుత్వ న్యాయవాదిగారు. వారే స్వయంగా ఏం రాశారో వినండి" అని చదివి వినిపించాడు.

అజేయంగారు కళ్ళజోడు తీశారు. "వినియోగదారుడి మేలు కోరి..."

"వాయిదాలు కుదరవండీ," అన్నారు జడ్జిగారు. "ప్రత్యేక విభాగం కేసుల్లో వాయిదాలు ఉండకూడదని మీ మంత్రిగారే నిన్న ప్రకటించారు. మీ ఫోటో కూడా పక్కనే ఉంది."

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. తాళం చెడ్డదంటే ఉద్యోగం పోతుంది. మంచిదంటే కేసు ఓడిపోతుంది, పేరుకు మచ్చ. ఆయన గడ్డం గోక్కుంటూ ఉండగా జడ్జిగారు ముందు బెంచీ వైపు తిరిగారు.

"ఏమమ్మా, ఆరోజు షాపుకు తాళం వేశారా?"

"వేశానండీ. వేసి రెండుసార్లు లాగి చూశాను."

"ప్రభుత్వం వారు ఏమంటారు?"

హాలంతా అజేయంగారి వైపు చూసింది. అత్తగారు కూడా చూశారు. కూతుర్ని ఆయన చేతిలో పెట్టి పంపిన రోజు ఎంత నమ్మకంగా చూశారో అంత నమ్మకంగానూ చూశారు.

"ఫిర్యాదీ వయసు రీత్యా..." అన్నారు అజేయంగారు నేల చూపులు చూస్తూ, "మరపు సహజం. ఉక్కుపిడి వంటి ఉత్తమమైన తాళం వేసి ఉంటే దొంగతనం జరిగేది కాదు. కాబట్టి వినియోగదారుడి మేలు కోరి ఈ కేసును ప్రభుత్వం పెద్దమనసుతో ఉపసంహరించుకుంటోంది."

ఉపసంహరించుకున్న కేసు గెలిచినట్టూ కాదు, ఓడినట్టూ కాదు. బార్ అసోసియేషన్‌లో పెద్దలు సైతం ఈ ఎత్తు చూసి ముక్కున వేలేసుకున్నారు. అజేయంగారు అజేయంగారుగానే మెట్లు దిగారు. వీధివాళ్ళు టైలరమ్మను పలకరించకుండా పక్కనుంచి దిగిపోయారు.

ఆ సాయంత్రం అత్తగారు సూదీదారం తీసుకుని అల్లుడిగారి ప్యాంట్లన్నీ ఒక్కొక్కటే విప్పి వదులు చేసి మడతపెట్టారు. "ఇక కష్టం ఉండదు బాబూ, హాయిగా కూర్చోండి" అన్నారు. ఇంత సౌఖ్యం కోసమే కదా నెలల తరబడి తపించారు, అయినా ఆయనకు ఆ రాత్రి అన్నం సయించలేదు. సిగ్గు వేసింది. భార్య అయితే మాట్లాడటమే మానేసింది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఆయన రచ్చ గెలిచి ఇంటికి వచ్చి చూసుకుంటే ఇంట్లో పలికే దిక్కు లేదు.

అయితే సిగ్గుపడుతూ కూర్చుంటే ప్రభుత్వం నడవదు. వినియోగదారుల రక్షణ భవనం కట్టడం పూర్తయింది. ఉక్కుపిడి కంపెనీ అధిపతి ప్రజాసేవలో భాగంగా తలుపు తలుపుకూ తాళం ఉచితంగా ఇచ్చారు. అందరూ రిబ్బను కత్తిరిస్తారు, మనం వినూత్నంగా తాళం తెరుద్దామని మంత్రిగారికి సలహా ఇచ్చింది అజేయంగారే. పళ్ళెంలో వెల్వెట్ దిండు మీద తాళంచెవి పెట్టి, వినియోగదారుల ప్రతినిధి ఒకరు అందించాలన్నారు ప్రోటోకాల్ ఆఫీసరు. ప్రతినిధి కోసం ఆఫీసంతా వెతికారు. వినియోగదారులు ఎవరూ తెలియదు. అందరికీ తెలిసిన వినియోగదారు ఒక్కరే.

"అత్తయ్యగారూ, మీరు పళ్ళెం పట్టుకుంటారా?" అని అడిగారు అజేయంగారు నసుగుతూ. కాదంటారనుకున్నారు.

"పట్టుకుంటాను బాబూ. అక్కణ్ణించి అటే ఊరెళ్ళిపోతాను. పెట్టె కూడా కారులో పెట్టించండి," అన్నారావిడ.

ప్రారంభోత్సవానికి జనం, కెమెరాలు, విలేకరులు బాగానే వచ్చారు. టైలరమ్మ వీధివాళ్ళు కూడా కొందరు వచ్చారు. గేటు దగ్గర ఒక కానిస్టేబులు స్కూటరు మీద ఆనుకుని నిలబడ్డాడు. మంత్రిగారు మెట్లెక్కారు. పక్కనే కంపెనీ అధిపతి ఎక్కారు. టైలరమ్మ పళ్ళెం ముందుకు చాపారు. మంత్రిగారు దిండు మీది తాళంచెవి తీసి కెమెరాల వైపు ఒకసారి చూపించి, తాళంలో పెట్టి తిప్పారు. టక్కున తెరుచుకుంది. చప్పట్లే చప్పట్లు. కంపెనీ అధిపతి అందరికంటే గట్టిగా కొట్టారు.

అజేయంగారు కూడా చప్పట్లు కొట్టబోయి మధ్యలో ఆగారు. తాళానికి వేలాడుతున్న ఆ చెవికి పసుపురంగు కొలత టేపు ముక్క కట్టి ఉంది. ఆయన అత్తగారి వైపు చూశారు. ఆవిడ భవనం పైకప్పు వైపు చూస్తున్నారు. ఆయన తక్కిన చప్పట్లు కూడా కొట్టేసి, మంత్రిగారి వెనకాల, కంపెనీ అధిపతితోపాటు లోపలికి నడిచారు.

ముగ్గురూ లోపలికి వెళ్ళాక టైలరమ్మ తలుపు దగ్గరికి వేశారు. గొళ్ళెం పెట్టారు. తాళం నొక్కారు. కెమెరాలవాళ్ళు చూస్తుండగా ఒకసారి లాగారు. రెండోసారి కూడా లాగారు. తన పెట్టె తాళంచెవి తీసి పర్సులో వేసుకుని మెట్లు దిగి, ట్రంకుపెట్టె మీద కూర్చున్నారు.

మంత్రిగారు లోపల రెండు గదులు చూసి ఆనందించి, బయటికి రాబోతే తలుపు రాలేదు. కాసేపటికి కిటికీ చువ్వల వెనక మంత్రిగారి మొహం, కంపెనీ అధిపతి మొహం, అజేయంగారి మొహం వరసగా కనిపించాయి. ఆ చువ్వలకు ఆ మొహాలు బాగా నప్పాయని జనంలో ఎవరో అన్నారు. కానిస్టేబులు పరుగెత్తుకొచ్చాడు.

"సార్, కంగారు పడకండి. నా స్కూటరు తాళంచెవి ఉంది, ఒకసారి పెట్టి చూస్తాను."

"వద్దు!" అన్నారు ముగ్గురూ ఒక్క గొంతుతో.

"ఊరికే పెట్టి చూస్తాను సార్. మా ఇంట్లో కూడా ఉక్కుపిడే. మా ఆవిడ పక్కపిన్నుతో..."

"ఏయ్, నోర్ముయ్!" అన్నారు కంపెనీ అధిపతి. "కెమెరాలున్నాయి, కనపడటం లేదా?" అన్నారు మంత్రిగారు. "అది సొంత చెవితో తప్ప తెరుచుకోదయ్యా. నేనే రాసిచ్చాను," అన్నారు అజేయంగారు నీరసంగా.

"మరి సొంత చెవి ఎక్కడుంది సార్?"

"నా దగ్గరుంది," అన్నారు టైలరమ్మ.

కెమెరాలన్నీ ఆవిడవైపు తిరిగాయి. ఆవిడ తాపీగా లేచి కిటికీ దగ్గరికి వచ్చారు.

"ఇస్తాను గానీ అల్లుడుగారూ, చిన్న సందేహం. నేను తాళం వేశానా?"

అజేయంగారు కళ్ళజోడు తీశారు. వినియోగదారుడి మేలు గొంతు దాకా వచ్చింది గానీ, వెనకనుంచి మంత్రిగారు వీపు మీద పొడిచారు.

"వేశారు," అన్నారు మెల్లగా.

"నాకు వినపడటం లేదు బాబూ. వయసు రీత్యా."

"వేశారు అత్తయ్యగారూ! వేశారు! వేసి రెండుసార్లు లాగి చూశారు కూడా! మేమందరం చూశాం!"

విలేకరులు రాసుకున్నారు. జనంలో ఉన్న వీధివాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. వాళ్ళలో ఒకావిడ ముందుకొచ్చి, "టైలరమ్మగారూ, మన ఊరికేనా వెళ్ళడం? ఆటో ఉంది, కలిసి పోదాం పదండి. మా అమ్మాయి జాకెట్లు రెండు కుట్టాలి" అంటూ ట్రంకుపెట్టె ఒక చివర పట్టుకుంది.

టైలరమ్మ పర్సులోంచి మెరిసిపోతున్న కొత్త తాళంచెవి తీసి కానిస్టేబులు చేతిలో పెట్టారు. కిటికీ వైపు తిరిగి, "ప్యాంటు మరీ వదులైతే అమ్మాయితో కబురు చేయండి బాబూ," అన్నారు. పెట్టె రెండో చివర తను పట్టుకుని వెళ్ళిపోయారు.

కానిస్టేబులు అసలు తాళంచెవిని తాళంలో పెట్టి తిప్పాడు. తెరుచుకోలేదు. తీసి, తుడిచి, మళ్ళీ పెట్టి తిప్పాడు. బతిమాలాడు. అయినా తెరుచుకోలేదు. జేబులో స్కూటరు తాళంచెవిని ఒకసారి తడుముకుని కిటికీ వైపు చూశాడు. ముగ్గురూ తల అడ్డంగా ఊపారు.

"లాయరుగారూ, ఇప్పుడేం చేద్దాం?" అన్నారు మంత్రిగారు.

అజేయంగారు ఒక చేత్తో ప్యాంటు పట్టుకుని, రెండో చేత్తో కళ్ళజోడు పెట్టుకున్నారు.

"వాయిదా అడుగుదాం సార్."